సంతకం లేని శిల్పాలు

1907లో ఒకనాడు పాబ్లో పికాసో పారిస్‌లోని ట్రొకదేరో మ్యూజియంలో ప్రవేశించాడు. ఆఫ్రికా శిల్పులు చెక్కిన కొయ్య ముసుగులు అక్కడ ఆయన చూపును కట్టివేశాయి. అదే ఏడాది ఆయన చిత్రించిన 'అవిన్యో యువతులు'లో ఐదుగురు స్త్రీలున్నారు. కుడివైపునున్న ఇద్దరి ముఖాలు ఆ ముసుగులనే తలపిస్తాయి. ఆధునిక చిత్రకళ ఆ చిత్రంతో కొత్త మలుపు తిరిగిందని విమర్శకులు కొనియాడారు. పికాసో మాత్రం నీగ్రో కళను తానెరుగనని 1920లో ఒక పత్రికకు చెప్పాడు.

చిత్రకారునికి దక్కిన కీర్తి శిల్పులకు దక్కలేదు. మ్యూజియం చీటీలపై సాధారణంగా తెగ పేరు ఉండేది. శిల్పి పేరు ఉండేది కాదు.

మరి ఆ శిల్పాలు పారిస్‌కు ఎలా చేరాయి? అన్నింటి కథా ఒకటి కాదు. కొన్ని మాత్రం యుద్ధంలో దోచినవి. 1892లో ఫ్రెంచి సైన్యం దహోమీ రాజధాని అబొమేను ఆక్రమించింది. సేనాని దోద్స్ అక్కడి రాజప్రాసాదపు సంపదను ట్రొకదేరో మ్యూజియానికే బహూకరించాడు. బెహాంజిన్ రాజును సొరచేప రూపంలో చూపే ప్రతిమ వాటిలో ఒకటి. దానిని చెక్కినవాడు సోస్సా దెదే అని చెబుతారు.

నాటి దహోమీయే నేటి బెనిన్. 2021 నవంబరులో ఫ్రాన్స్ ఆ ప్రతిమతో సహా 26 కళాఖండాలను ఆ దేశానికి తిరిగి అప్పగించింది.

ఒక కళ మరొక కళకు ప్రేరణ కావడం సహజం. ప్రేరణనిచ్చినవాడిని అనామకుడిగా మిగల్చడం అన్యాయం. కొన్ని శిల్పాలు ఇల్లు చేరాయి. శిల్పుల పేర్లు కళాచరిత్ర పుటలకు ఇంకా చేరవలసి ఉంది.