మోటారు ఎందుకు కాలింది?

వేసవిలో ఊళ్లో ఎవరి బోరు మోటారు కాలినా నాలుగు రకాల కారణాలు వినిపిస్తాయి. ‘వోల్టేజీ ఏదీ? అందుకే పోయింది’ అంటాడు పక్క చేను రైతు. ‘బేరింగులు పట్టేశాయి’ అంటాడు మోటారు పైకి తీసిన మెకానిక్. ‘నీళ్లు కిందికి దిగిపోయాయి, ఉత్తి గాలి లాగింది’ అంటాడు బోరు వేసినాయన. వైండింగ్ షాపులో నల్లగా మాడిన తీగ చుట్ట చూపిస్తూ ‘వేడికి కాలిందండీ, ఇంకేముంది’ అంటాడు నాలుగో మనిషి. 

నలుగురూ నిజమే చెబుతున్నారు. ఒకరిది విద్యుత్తు, ఒకరిది యంత్రం, ఒకరిది నీరు, ఒకరిది ఉష్ణం. బడిలో ఇవి వేర్వేరు పాఠాలు. పిల్లలు ఒక్కోదాన్ని ఒక్కో నెలలో చదివి, పరీక్ష రాసి, దేని సూత్రాన్ని దానితోనే మరచిపోతారు. ఆరున్నర అంగుళాల బోరుగుంతలో మాత్రం అవి విడివిడిగా ఉండవు. అక్కడ నడిచేది ఒకే కథ: రెండు చోట్ల మధ్య తేడా ఉంటే ఏదో ఒకటి కదులుతుంది, దారిలో దానికి అడ్డు తగులుతుంది, ఆ అడ్డు దగ్గర పోయిందంతా వేడి అవుతుంది. వోల్టేజీ తేడా ఉంటే కరెంటు పారుతుంది. పీడనంలో తేడా ఉంటే నీరు పారుతుంది. ఉష్ణోగ్రతలో తేడా ఉంటే వేడి పారుతుంది. ఇరుసు మీద మెలితిప్పే బలం ఉంటే చక్రం తిరుగుతుంది. 

ఇది చెప్పుకోవడానికి బాగుండే పోలిక మాత్రమే కాదు. విద్యుత్ సూత్రం పుట్టిందే ఈ పోలికలోంచి. ఫ్రాన్సులో జోసెఫ్ ఫూరియే 1822లో ఉష్ణ ప్రసారం మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. వేడి ప్రవాహం ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుందని గణితంతో చూపాడు. జర్మనీలోని కొలోన్‌లో బడిపంతులుగా ఉన్న జార్జ్ సైమన్ ఓమ్‌కు ఆ ఆలోచన పట్టుకుంది. వేడిలాగే విద్యుత్తూ ఎందుకు పారకూడదు అనుకున్నాడు. అప్పటి బ్యాటరీలు నిలకడగా ఉండేవి కావు. దాంతో ఆయన బిస్మత్, రాగి కడ్డీలను కలిపి, ఒక అతుకును మరిగే నీటిలో, మరో అతుకును మంచులో ఉంచాడు. ఆ ఉష్ణోగ్రతల తేడాతో పుట్టిన కొద్దిపాటి, నిలకడైన కరెంటుతోనే కొలతలు తీశాడు. 1827లో పుస్తకం వేస్తే స్వదేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాకే ఓమ్‌కు పేరు వచ్చింది. నీటి వైపు చూస్తే, సన్నని గొట్టాల్లో ప్రవాహ సూత్రాన్ని కొలిచిన పోయిజెల్ ఒక వైద్యుడు. నెత్తురు నాళాల్లో ఎలా పారుతుందో తెలుసుకోవాలన్నది ఆయన తపన. 

ఇప్పుడు బోరు దగ్గరికి వద్దాం. 

పైనుంచి లాగలేం, కిందనుంచి నెట్టాలి

బోరు మోటారును నీళ్లలో ముంచి అంత లోతున ఎందుకు పెట్టాలి? గట్టునే పెట్టి పీల్చుకుంటే పోదా? ఈ ప్రశ్న గెలీలియో కాలం నాటిది. ఎంత మంచి పంపు చేసినా సుమారు పది మీటర్లకు మించి నీరు పైకి రావడం లేదని అప్పటికే ఇటలీ పంపు పనివాళ్లకు అనుభవం. కారణం ఆయన శిష్యుడు టొరిచెల్లి పట్టుకున్నాడు. 1643 నాటి పాదరస గొట్టం ప్రయోగంతో, పంపు నీటిని లాగదని, బయటి గాలి తన బరువుతో నెడుతుందని తేలింది. గాలి బలం 76 సెంటీమీటర్ల పాదరసం, లేదా 10.3 మీటర్ల నీరు. అంతే. పంపులో గాలి మొత్తం తీసేసినా అంతకు మించి ఒక్క అడుగు ఎక్కదు. ఆచరణలో ఏడెనిమిది మీటర్లే. బావుల్లో నీటిమట్టం దిగిన కొద్దీ రైతులు మోటారును కూడా బావిలోకి దించుకుంటూ పోవాల్సి వచ్చింది ఇందుకే. అనంతపురంలోనో నల్గొండలోనో వందల అడుగుల బోర్లు వచ్చాక, పంపే నీటి అడుగుకు వెళ్లి పైకి నెట్టడం తప్ప వేరే దారి లేకపోయింది. 

నెట్టడానికి ఎంత పని కావాలి? ఒక లెక్క వేసి చూద్దాం. 80 మీటర్ల లోతు నుంచి వెయ్యి లీటర్లు ఎత్తాలంటే సుమారు 7.85 లక్షల జౌళ్లు, అంటే 0.22 యూనిట్ల కరెంటు చాలు. ఇది ఎంత తక్కువో తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి. అదే వెయ్యి లీటర్ల నీటిని కేవలం ఒక్క డిగ్రీ వెచ్చబెట్టడానికి 1.16 యూనిట్లు కావాలి. ఇరవై ఆరు అంతస్తుల ఎత్తుకు నీటిని మోసుకెళ్లే శక్తితో ఆ నీటిని డిగ్రీలో అయిదో వంతు కూడా వేడి చేయలేం! వేడికీ పనికీ ఉన్న ఈ మారకం రేటును 1840లలో జౌల్ పట్టుదలగా కొలిచాడు. మన కథలో ఇది ముఖ్యం. వృథా అయిన శక్తి యూనిట్లలో చూస్తే ఎక్కువే. కానీ పారే నీరు దాన్ని సులువుగా మింగేస్తుంది, అందుకే అది మన కంటపడదు. 

నిజానికి 80 మీటర్ల లోతులో అయిదు హెచ్‌పీ మోటారు గంటకు దాదాపు అయిదు యూనిట్లు తీసుకుని ఎనిమిదిన్నర వేల లీటర్లు పోస్తే, ఆ నీటిని ఎత్తడానికి అక్కరకొచ్చినవి రెండు యూనిట్ల లోపే. మోటారు సామర్థ్యం 75 శాతం, పంపు సామర్థ్యం 50 శాతం అనుకుని వేసిన లెక్క ఇది. మిగతా మూడు యూనిట్లూ తీగల్లో, బేరింగుల్లో, ఇంపెల్లర్ల మధ్య సుడి తిరిగిన నీటిలో వేడిగా పోయాయి. ఇంకా వెనక్కి, రామగుండం లాంటి బొగ్గు కేంద్రం దాకా వెళ్తే, అక్కడ బొగ్గు ఇచ్చిన వేడిలో మూడింట రెండు వంతుల దాకా కరెంటు కాకుండానే పోతుంది. దారి పొడవునా నష్టాలన్నీ కలిపితే సింగరేణి బొగ్గులోని శక్తిలో చేనుకు చేరేది పదో వంతుకు కాస్త ఎక్కువ. ఉచిత కరెంటు గురించి వాదించుకునే రెండు పక్షాలూ ఈ అంకెను పట్టించుకోవు. 

పైపు సంగతి మాత్రం మన చేతిలో ఉంది. సెకనుకు 2.4 లీటర్ల నీరు 40 మిల్లీమీటర్ల నున్నటి పైపులో వెళ్తే ప్రతి వంద మీటర్లకు సుమారు తొమ్మిది మీటర్ల ఎత్తుకు సమానమైన ఒత్తిడి రాపిడికే పోతుంది. 50 మిల్లీమీటర్ల పైపయితే మూడు మీటర్లే. వ్యాసం పావు వంతు పెంచితే నష్టం మూడో వంతుకు పడిపోయింది. సుడులు తిరిగే ప్రవాహంలో నష్టం దాదాపు వ్యాసం అయిదో ఘాతానికి విలోమంగా మారడమే దీనికి కారణం. మోటారు దగ్గర రెండు హెచ్‌పీలు ఎక్కువ పెట్టడానికి వెనకాడని మనం, పైపు దగ్గర అర అంగుళానికి బేరమాడతాం. 

తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు

వోల్టేజీ తగ్గితే ఫిలమెంటు బల్బు మసకబారుతుంది, కరెంటూ తక్కువే తీసుకుంటుంది. మోటారు అలా కాదు. దాని వేగం సరఫరాలోని 50 హెర్ట్జ్‌కు కట్టుబడి ఉంటుంది, నిమిషానికి 2,800కు పైగా చుట్లు తిరుగుతూనే ఉండాలి. నెత్తిన ఉన్న నీటి బరువు వోల్టేజీ తగ్గిందని తగ్గదు. చేయాల్సిన పని అంతే ఉంది కాబట్టి, నెట్టే బలం తగ్గిన మేరకు కరెంటును ఎక్కువ లాక్కుంటుంది. 415 వోల్టులు రావాల్సిన చోట 320 వస్తే కరెంటు దాదాపు 30 శాతం పెరుగుతుంది. తీగలో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది దాదాపు 70 శాతం పెరుగుతుంది. అదే సమయంలో మోటారు మెలితిప్పే బలం వోల్టేజీ వర్గంతో పాటు పడిపోయి 60 శాతానికి చేరుతుంది. ఇసుక పట్టిన పంపయితే ఇక తిరగనే తిరగదు. తిరగకుండా గుర్రుమంటున్న మోటారు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు తాగుతూ నిమిషాల్లో మాడిపోతుంది. 

వోల్టేజీ ఎందుకు తగ్గింది? నీటి పైపు కథే ఇక్కడా. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చివరి మోటారు దాకా పొడవాటి సన్నని తీగ, దాని మీద చాలా మోటార్లు. ప్రతి మోటారు లాగే కరెంటు తీగ నిరోధంలో కొంత వోల్టేజీని తినేస్తుంది. చివర ఉన్నవాడికి మిగిలింది మిగిలినట్టు. దీనికి తోడు ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే వరుసలోని మోటార్లన్నీ ఒకే క్షణంలో లేస్తాయి, అప్పుడు ఒక్కోటీ ఆరు రెట్ల కరెంటు అడుగుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం బతిమాలింది భూగర్భ జలాల కోసమే కాదు, ఈ ఒక్క క్షణం కోసం కూడా. 

చిన్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్లను చేల దాకా తెచ్చి, అంత వరకూ 11,000 వోల్టుల లైనే లాగడం దీనికి సరైన మందు. అదే శక్తిని 26 రెట్లు ఎక్కువ వోల్టేజీతో పంపితే కరెంటు 26 రెట్లు తగ్గుతుంది, అదే తీగలో నష్టం ఏడు వందల్లో ఒక వంతుకు పడిపోతుంది. రైతు స్థాయిలో మందు కెపాసిటర్. మోటారు అయస్కాంతత్వం కోసం లైనులో అటూ ఇటూ ఊగే కరెంటును అది అక్కడికక్కడే సర్దుతుంది, లైనులో నష్టం పావు వంతుకు పైగా తగ్గుతుంది. మన కెపాసిటర్ వల్ల మేలు మనకంటే పక్కవాళ్లకే ఎక్కువ. చాలా స్టార్టర్ డబ్బాల్లో అది కనిపించకపోవడానికి కారణం అదేనేమో. 

వేడికి దారి ఇవ్వాలి

తీగలో పుట్టిన వేడి ఎక్కడికో పోవాలి. తీగ పూతలోంచి, మోటారులో నింపిన నీటిలోంచి, స్టీలు గోడలోంచి, బయట పారే నీటిలోకి దాని దారి. పుట్టే వేడీ పోయే వేడీ సమానమయ్యే దాకా ఉష్ణోగ్రత ఎక్కుతూనే ఉంటుంది. మోటారు చుట్టూ బురద పేరుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టే. నీటి ఊట మోటారుకు పైన ఉంటే నీరు మోటారును తాకకుండానే పంపులోకి పోతుంది, అప్పుడూ అంతే. నీరు దిగిపోయి ఖాళీగా తిరిగితే చెప్పనే అక్కర్లేదు. పూత ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా దాని ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజినీర్లు పాటించే లెక్క. మోటారు ‘హఠాత్తుగా’ కాలడం అరుదు. అది ఏళ్ల తరబడి కాలుతూ ఉండి ఒక రోజు ముగుస్తుంది. 

ఇక్కడే నాలుగు పాఠాల పోలిక కాస్త బెసుకుతుంది. కదిలే చక్రం ఆపగానే ఆగదు. పైపులో పరుగెత్తే నీరు వాల్వు టక్కున మూస్తే పైపును సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. మోటారు స్విచ్ తీస్తే నిప్పురవ్వ ఎగరడం కూడా కరెంటు ఆగనంటూ మొరాయించడమే. వేడికి మాత్రం ఈ ఊపు లేదు. తేడా పోయిన క్షణమే దాని ప్రవాహం ఆగిపోతుంది, ఎదురు దిక్కుకు పొర్లదు. బండరాయి రాత్రి దాకా వెచ్చగా ఉండటం ఊపు కాదు, నిల్వ. 

స్టార్టర్ డబ్బాలో ఒక చిన్న భాగం ఈ నాలుగింటినీ కలిపి పనిచేస్తుంది. ఓవర్‌లోడ్ రిలే. అందులో రెండు లోహాలను అతికించిన పట్టీ ఉంటుంది. మోటారుకు వెళ్లే కరెంటే దాన్ని వేడి చేస్తుంది. ఒక లోహం ఎక్కువ, మరోటి తక్కువ వ్యాకోచించి పట్టీ వంగుతుంది. వంగిన పట్టీ మీట జారుస్తుంది, కరెంటు తెగిపోతుంది, నీరు ఆగుతుంది. భూమి లోపల మోటారు ఎంత వేడెక్కుతోందో ఈ పట్టీ పైన కూర్చుని తన ఒంటి మీద అంచనా వేస్తుంది. కరెంటు కాసేపే ఎక్కువైతే ఓర్చుకుంటుంది, అలాగే ఉంటే ఊరుకోదు. మూడు ఫేజుల్లో ఒకటి పోయి రెండింటి మీద మోటారు నడిచినప్పుడు కరెంటు 1.7 రెట్లు, వేడి మూడు రెట్లు అవుతుంది. అప్పుడు కాపాడేది ఇదే. మనం చేసేదేమిటంటే, ‘మాటిమాటికీ ట్రిప్ అవుతోంది’ అని దాని ముల్లును చివరిదాకా తిప్పేయడం, లేదా తీసేసి నేరుగా కలిపేయడం. కాలిన మోటార్లలో ఎన్నింటికి కారణం వోల్టేజీ, ఎన్నింటికి ఈ తిప్పుడు అని ఎవరైనా లెక్క తీస్తే బాగుండు. 

ఈసారి మోటారు కొనేటప్పుడు ‘ఎన్ని హెచ్‌పీ?’ అని మొదలుపెట్టకండి. మీ బోరులో నీరు ఎంత లోతున ఆగుతుంది, గంటకు ఎన్ని లీటర్లు ఊరుతుంది అన్నవి ముందు కనుక్కోండి. ఆ లోతుకు, ఆ నీటికి ఏ పంపు సరిపోతుందో కంపెనీ ఇచ్చే పట్టికలో చూపించమనండి. లోతు బోర్ల కోసం చేసిన పంపును తక్కువ లోతులో దించితే అది ఎక్కువ నీరు పోసి ఎక్కువ కరెంటు లాగుతుందని, పెద్దది కొన్నంత మాత్రాన భద్రం కాదని గుర్తుంచుకోండి. డెలివరీ పైపు ఒక సైజు పెంచండి. కెపాసిటర్ పెట్టించండి. రిలే ముల్లును మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్ల దగ్గరే ఉంచండి.