బండ కింద తొట్టి యాడుందో ఎవరికెరుక?

ఎండాకాలం వచ్చిందంటే మన కర్నూలు, కడప పల్లెల్లో చేను పని ఉండదు. సరిగ్గా అప్పుడే కలిగినింటి వాళ్ళకు మరుగుదొడ్డి గుర్తుకొస్తుంది. "దొడ్డి పొంగుతాంది, తొట్టి యాడుందో వెతకాల, గడ్డపార తీసుకొని రాండి" అని కూలిపేటకు కబురొస్తుంది. పోయేది ఎవరు? పని లేనివాడే పోతాడు. అందులోనూ ఏ పేట నుంచి పిలుస్తారో చెప్పనక్కరలేదు.

ఎర్రగుంట్ల వైపు ఒక ఊళ్ళో నేను కళ్ళారా చూశాను. ఇల్లు కట్టించిన పెద్దాయన పోయాడు, కట్టిన మేస్త్రి ఊళ్ళో లేడు. కొడుకు చెయ్యి చూపించిన చోటల్లా ఇద్దరు కూలీలు తవ్వినారు. నాలుగు గుంతలు, ఒక పగలు. నిజానికి దానికంత తవ్వకం అక్కరలేదు.

దొడ్డి నుంచి గొట్టం గోడ దాటి ఏ వైపుకు పోయిందో ముందు చూడాలి. మామూలుగా ఆ గొట్టం వాలు చూసుకుని తిన్నగానే పోతుంది, వంకరలు తిరగదు. గాలి గొట్టం నిలబెట్టి ఉంటే తొట్టి దాని దగ్గరలోనే ఉండొచ్చు. మన వైపు బేతంచెర్ల, ఎర్రగుంట్ల నాపబండలే తొట్టికి మూత. బండ మీద మన్ను పలుచన గనుక అక్కడి గడ్డి ముందే ఎండుతుంది. తొట్టి కారుతుంటే చుట్టూ అంచు మాత్రం పచ్చగా ఉంటుంది. ఆ మేర గడ్డపారతో మెల్లగా తట్టితే డొల్ల శబ్దం వస్తుంది. గట్టిగా పొడవబాకండి. పాత నాపబండ పగిలితే నిలబడిన మనిషే లోపలికి పోతాడు. సిమెంటు వరలు దించిన గుంతయితే మూత గుండ్రంగా, చిన్నదిగా ఉంటుంది, దొరకడం ఇంకా కష్టం.

ఐదో గుంతలో బండ తగిలింది. ఇక అసలు కథ. బండ పక్కకు జరపగానే ఇంటాయన, "మీలో ఒకడు దిగి గొట్టం మూతి చూడండిరా" అన్నాడు. చిన్నోడు చొక్కా విప్పినాడు. "దిగబాక నాయనా" అని చెయ్యి పట్టుకున్నాను.

పాత బావిలో దిగేముందు లాంతరు దించి చూసే అలవాటు మనకుంది. ఇక్కడ ఆ పని కూడదు. లోపల మండే గాలి ఉంటుంది, నిప్పు చూపితే భగ్గుమంటుంది. కుళ్ళు గుడ్డు వాసనొచ్చే ఇంకో గాలి ఉంది. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది గదా అని దిగినవాడు కూలిపోతాడు, వాణ్ణి తీయబోయినవాడూ అక్కడే పడిపోతాడు. ఒక్కొక్క తొట్టిలో ఇద్దరు ముగ్గురు చనిపోయేది ఇందువల్లనే.

రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జుర్మానా, లేదా రెండూ. ఇది మునిసిపాలిటీకే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. కోలారు బంగారు గనుల్లో పారిశుధ్య కార్మికుల తెలుగు ఇంట పుట్టిన బెజవాడ విల్సన్ నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న, 1993 నుంచి ఇట్లా చనిపోయినవారి కుటుంబాలకు తలా 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న మరో కేసులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ అంకె మన పేటల్లో ఎందరికి తెలుసు? రాత్రికి రాత్రి పదివేలు చేతిలో పెట్టి, పాము కరిచిందని చెప్పమంటే తల ఊపేవాళ్ళు ఉన్నారు.

ఆ పొద్దు ఇంటాయన గొణిగినా, చివరికి టౌను నుంచి పీల్చే బండిని పిలిపించక తప్పలేదు. అది వచ్చేదాకా బండ తీసిన చోట చుట్టూ కంపచెట్టు కొమ్మలు అడ్డం వేసి పిల్లల్ని రానీయకుండా కాపలా ఉన్నాము. ఇంటి రెండు మూలల నుంచి అడుగులు కొలిచి గోడ మీద రంగుతో రాద్దామంటే, కొత్తగా వేసిన సున్నం పాడైపోతుందని ఇంటామె ఒప్పుకోలేదు. చిన్నోడే దొడ్డి తలుపు లోపలివైపు బొగ్గుతో రాసి వచ్చినాడు: వేపచెట్టు మూల నుంచి పదకొండడుగులు, వంటింటి మూల నుంచి తొమ్మిది.