‘ఉచితం’ యొక్క వెల

ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం మన దేశంలో పుణ్యకార్యంగా పరిగణింపబడుతున్నది. దేవాలయంలోని అన్నదానం, గురుద్వారాలోని లంగరు, మసీదులోని ఇఫ్తార్ - వీటిలో ఏదియు తినేవారిని మరొక వస్తువు కొనుమని అడుగదు. వ్యాపార సంస్థలు ప్రకటించే ‘ఉచిత’ ఆహారం ఈ కోవకు చెందినది కాదు. దాని స్వభావమేమిటో పరిశీలిద్దాము.

ఒక హోటలుకు స్థలపు అద్దె, జీతాలు మొదలైన ఖర్చులు పదిమంది వచ్చినా, నూరుమంది వచ్చినా దాదాపు ఒక్కటే. కనుక ఒక పానీయాన్ని ఉచితంగా ఇచ్చినందువల్ల సంస్థపై అదనంగా పడే భారం దాని అమ్మకపు ధరలో కొద్ది భాగం మాత్రమే. ఉచిత వస్తువు కోసం వచ్చినవారు మిత్రులను వెంటబెట్టుకొని వస్తారు. మరికొంత కొని తింటారు. కూపన్లు పొందినవారందరు వాటిని వాడుకొనరు. ఈ మూడు లెక్కల మీదనే ఇట్టి పథకాలు నిలిచి ఉన్నవి.

లెక్క తప్పిన సందర్భాలు కూడ లేకపోలేదు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్ క్రీడల సమయంలో మెక్‌డొనాల్డ్స్ సంస్థ అమెరికాలో గీకి చూచుకొనే చీట్లను పంచినది. చీటీలో సూచించిన పోటీలో అమెరికా స్వర్ణం గెలిస్తే బిగ్ మ్యాక్, రజతం గెలిస్తే వేయించిన బంగాళాదుంప ముక్కలు, కాంస్యం గెలిస్తే కోకాకోలా ఉచితం. 1976 మాంట్రియల్ క్రీడలలో అమెరికా పొందిన పతకాలు 94. వాటిలో స్వర్ణాలు 34. కాని 1984 మే నెలలో సోవియట్ యూనియన్ ఆ క్రీడలను బహిష్కరించినది. తూర్పు జర్మనీ కూడ అదే మార్గం అనుసరించినది. బలమైన ప్రత్యర్థులు లేని బరిలో అమెరికాకు 83 స్వర్ణాలతో మొత్తం 174 పతకాలు లభించినవి. కొన్ని దుకాణాలలో బిగ్ మ్యాక్‌లు నిండుకున్నవి. ఇక్కడ పొరపాటుకు మూల్యం చెల్లించినది ఆ సంస్థయే.

అన్ని వేళలా అట్లు జరుగదు. డామినోస్ సంస్థ అమెరికాలో 30 నిమిషాలలో పిజ్జా అందకపోతే ఉచితమని వాగ్దానం చేసినది. తరువాత దానిని 3 డాలర్ల తగ్గింపుగా మార్చినది. వేగం వంటగదిలోనిదే కాని రోడ్డుపైనది కాదని సంస్థ వాదించినది. అయితే ఎర్రదీపాన్ని లెక్కచేయక వచ్చిన ఒక డెలివరీ వాహనం ఢీకొని గాయపడిన మహిళకు 1993లో న్యాయస్థానపు జ్యూరీ దాదాపు 8 కోట్ల డాలర్ల పరిహారం నిర్ణయించినది. అనంతరం చాల తక్కువ మొత్తానికి రాజీ కుదిరినది. ఆ సంవత్సరమే అమెరికాలో ఆ వాగ్దానం రద్దయినది. వాగ్దానం చేసినది సంస్థ. దానిని నిలబెట్టుటకు పరుగెత్తినది చిరుజీతపు యువకుడు. గాయపడినది ఆ బేరంతో ఏ సంబంధమూ లేని బాటసారి!

నేడు మన నగరాలలోను నిమిషాల లెక్కన ఆహారం ఇండ్లకు చేరుతున్నది. మోటారు సైకిళ్లపై దానిని మోసుకొనిపోయే యువకులలో మన వంటి విద్యార్థులు కూడ ఉన్నారు. ప్రకటనలను చూచినంతనే తృణీకరించవలెనని మేము చెప్పుట లేదు. వ్యాపారికి లాభం ధర్మమే. కొనేవారికి చౌక సంతోషమే. కాని ‘ఉచితం’ అనే మాట కంటబడినప్పుడెల్లా ఒక ప్రశ్న వేసుకొనడం విద్యావంతుల లక్షణం: దీని వెలను ఎవరు చెల్లిస్తున్నారు? వాకిట నిలిచినవాడు ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చినప్పుడు అతనిని మందలించక, ఒక గ్లాసు మంచినీరు అందిద్దాము. అదియే నిజమైన ఉచితం.