పొద్దున ముందంజ, మధ్యాహ్నం వెనుకంజ: ఓట్ల లెక్కింపు వెనుక ఉన్న గణితం

ఓట్ల లెక్కింపు రోజు ఉదయం 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లతో పని మొదలవుతుంది. అరగంట తర్వాత ఈవీఎంల వంతు. తొమ్మిదింటికి ఆధిక్యంలో ఉన్న అభ్యర్థి పదకొండింటికి వెనుకబడతాడు. రెండింటికి మళ్లీ పుంజుకుంటాడు, లేదా అలాగే ఓడిపోతాడు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: ‘పొద్దున అంత మెజారిటీ ఉన్నవాడు ఎలా ఓడిపోయాడు? లోపల ఏదో జరిగింది.’

ఈ అనుమానం ఏదో ఒక పార్టీకి పరిమితం కాదు. ఓడినవాళ్లు ఎవరైతే వాళ్ల నోట వినిపిస్తుంది. అందుకే దీన్ని రాజకీయంగా కాకుండా లెక్కగా చూడటం అవసరం. గెలిచే అభ్యర్థి లెక్కింపు మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా వెనుకబడకుండా, సమానం కూడా కాకుండా ఉండే అవకాశం ఎంత? ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త జోసెఫ్ బెర్‌ట్రాన్ 1887లో ఇదే ప్రశ్న వేసి సమాధానమూ ఇచ్చారు. అంతకు ముందే, 1878లో, ఇంగ్లండ్‌కు చెందిన విట్‌వర్త్ కూడా ఇదే ఫలితాన్ని ప్రచురించారు. గణితంలో దీన్ని ‘బ్యాలెట్ సిద్ధాంతం’ అంటారు. 1, 1, 2, 5, 14, 42, 132, 429... అంటూ సాగే ఒక ప్రసిద్ధ సంఖ్యల వరుస దీని వెనుక ఉంది.

గడుల మీద నడక

ఇద్దరే అభ్యర్థులు ఉన్నారనుకుందాం. ఒకరికి పడిన ఓటు ఎర్ర చీటీ, మరొకరికి పడినది నీలి చీటీ. పెట్టెలోని చీటీలన్నీ బాగా కలిపి ఒక్కొక్కటిగా బయటికి తీస్తున్నాం.

ఇప్పుడు ఒక గళ్ల కాగితం తీసుకోండి. ఎడమవైపు కింది మూల నుంచి బయలుదేరండి. ఎర్ర చీటీ వస్తే ఒక గడి కుడికి, నీలి చీటీ వస్తే ఒక గడి పైకి జరగండి. లెక్కింపు పూర్తయ్యేసరికి కాగితం మీద ఒక దారి ఏర్పడుతుంది. ఇలాంటి దారులను లాటిస్ పాత్‌లు అంటారు. ఇద్దరికీ సమానంగా ఓట్లు వచ్చే చోట్లను కలిపితే ఒక ఏటవాలు గీత వస్తుంది. దారి ఆ గీతకు కింద ఉన్నంతసేపు ఎరుపుది ఆధిక్యం. గీత దాటి పైకి వెళ్తే నీలానిది ఆధిక్యం.

చెరో 3 ఓట్లు వచ్చాయనుకుంటే చీటీలు 20 రకాల క్రమాల్లో బయటికి రావచ్చు. వాటిలో ఎరుపు ఒక్కసారి కూడా వెనుకబడని క్రమాలు 5 మాత్రమే. చెరో 4 ఓట్లైతే 70లో 14. చెరో 5 ఓట్లైతే 252లో 42. చెరో 10 ఓట్లైతే 1,84,756లో 16,796. గీతను దాటకూడదన్న ఒక్క నిబంధనతో దారులు ఎంతగా తగ్గిపోతున్నాయో గమనించండి. మొదట నాలుగో వంతు, తర్వాత అయిదో వంతు, ఆరో వంతు, చెరో 10 ఓట్లకు పదకొండో వంతు.

ఈ 5, 14, 42లనే కాటలాన్ సంఖ్యలు అంటారు. 1838లో వీటి మీద పనిచేసిన బెల్జియం గణిత శాస్త్రవేత్త యూజీన్ కాటలాన్ పేరు వీటికి స్థిరపడింది. బహుభుజిని త్రిభుజాలుగా ఎన్ని విధాలుగా కోయవచ్చో లెక్కిస్తూ ఆయిలర్ 1751లోనే ఇవే సంఖ్యలకు చేరుకున్నారు. అమెరికా గణిత శాస్త్రవేత్త రిచర్డ్ స్టాన్లీ 2015లో వెలువరించిన పుస్తకంలో ఈ సంఖ్యలు ఎదురయ్యే 214 సందర్భాలను ఒకచోట చేర్చారు.

మన పేరున్న సంఖ్యలు

ఈ రంగంలో భారతీయ మూలాలున్న ఇద్దరి కృషి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఒకరు తాడేపల్లి వెంకట నారాయణ. కెనడాలో పనిచేసిన ఈ గణాంక శాస్త్రవేత్త పేరు మీదే ‘నారాయణ సంఖ్యలు’ ఉన్నాయి. గీత దాటని దారులను వాటిలోని మలుపుల సంఖ్యను బట్టి ఇవి విడదీస్తాయి. చెరో 3 ఓట్లకు వచ్చే 5 దారుల్లో ఎర్ర చీటీ వెంటనే నీలి చీటీ వచ్చే సందర్భం ఒక్కటే ఉన్నది 1, రెండు ఉన్నవి 3, మూడు ఉన్నది 1. చెరో 4 ఓట్లకు వచ్చే 14 దారులు 1, 6, 6, 1గా విడిపోతాయి. రెండో వ్యక్తి శ్రీగోపాల్ మహంతి. ఆయన కూడా కెనడాలోనే బోధించారు. లాటిస్ పాత్‌ల మీద ఇద్దరి పుస్తకాలూ 1979లోనే వెలువడ్డాయి. గణాంక పరీక్షలలో ఈ దారుల లెక్క ఎలా ఉపయోగపడుతుందో వివరించినవి అవి.

ఒక్క ఓటు గెలుపు

2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా అసెంబ్లీ స్థానంలో కాంగ్రెస్ నాయకుడు సి.పి.జోషి ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. ఆయనకు 62,215, ప్రత్యర్థికి 62,216. 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్లిలో కూడా ఒక్క ఓటే ఫలితాన్ని తేల్చింది. మన దగ్గర 1989 లోక్‌సభ ఎన్నికల్లో అనకాపల్లి నుంచి కొణతాల రామకృష్ణ 9 ఓట్లతో గెలిచారు.

ఒక్క ఓటు తేడా ఉన్నప్పుడు గెలిచినవాడు మొదటి నుంచీ ముందే ఉండే అవకాశం ఎంత? చిన్న ఉదాహరణ చూద్దాం. మూడు ఎర్ర చీటీలు, రెండు నీలి చీటీలు. వాటిని వరుసగా కాకుండా గుండ్రంగా పేర్చండి: ఎరుపు, నీలం, ఎరుపు, ఎరుపు, నీలం. ఎరుపు పక్కనే నీలం ఉన్న చోట ఆ జంటను తీసేయండి. మొదటి రెండు పోతాయి, చివరి రెండు పోతాయి. మధ్యలో ఒక్క ఎర్ర చీటీ మిగులుతుంది. అక్కడి నుంచి లెక్కింపు మొదలుపెడితే ఎరుపు చివరి దాకా ఆధిక్యంలోనే ఉంటుంది. మిగతా నాలుగు చోట్లలో ఎక్కడ మొదలుపెట్టినా ఏదో ఒక దశలో సమానమో, వెనుకంజో తప్పదు. అంటే అయిదింట ఒక్క అవకాశం.

చీటీలు ఎన్ని ఉన్నా ఇదే తర్కం. జంటలుగా కొట్టివేస్తూ పోతే చివరికి మిగిలేవి మెజారిటీ ఎంతో అన్ని ఎర్ర చీటీలు. సరైన ఆరంభ స్థానాలు అవే. కాబట్టి సూత్రం చాలా తేలిక: మెజారిటీని ఇద్దరి మొత్తం ఓట్లతో భాగిస్తే చాలు. నాథ్‌ద్వారాలో ఆ ఇద్దరి ఓట్లనే తీసుకుని, అన్నీ కలిపి ఒక్కొక్కటిగా లెక్కించి ఉంటే, విజేత ఆసాంతం ముందంజలో ఉండే అవకాశం 1,24,431లో 1.

తేడా ఎక్కువైతే?

52 శాతం, 48 శాతం చొప్పున ఓట్లు వచ్చాయనుకుందాం. మన రాజకీయాల్లో అది మంచి మెజారిటీయే. అయినా సూత్రం ప్రకారం విజేత మొదటి నుంచి చివరి వరకూ ముందుండే అవకాశం 4 శాతమే. 100 ఓట్లైనా, 2 లక్షల ఓట్లైనా అంతే.

ఇక్కడే జాగ్రత్త అవసరం. ఈ 4 శాతాన్ని పట్టుకుని ‘ఆధిక్యం ఎప్పుడు తారుమారైనా అంతా యాదృచ్ఛికమే’ అంటే తప్పవుతుంది. తారుమారు ఏ దశలో జరుగుతుందన్నది కూడా చూడాలి. మొదటి చీటీయే ఓడిపోయేవాడిది కావడానికి 48 శాతం అవకాశం ఉంది. మొదటిది విజేతదై, రెండోది ప్రత్యర్థిదై సమానం కావడానికి మరో 25 శాతం. అంటే మొదటి రెండు చీటీలకే 73 శాతం సందర్భాల్లో ‘ఆసాంతం ముందంజ’ అన్న మాట చెల్లకుండా పోతుంది. ఊగిసలాట అంతా దాదాపు ఆరంభంలోనే ఉంటుంది.

అదే బాగా కలిపిన ఓట్లలో మొదటి 10,000 లెక్కించాక పరిస్థితి వేరు. అప్పటికి విజేత ఆధిక్యం 400 దగ్గర ఉండాలి. యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులు మామూలుగా 100, మహా అయితే 200, 300. వెనుకబడే అవకాశం దాదాపు లేదు. మరి నిజమైన లెక్కింపులో అయిదో రౌండులో, పదో రౌండులో వెనుకబడినవాళ్లు గెలుస్తున్నారు కదా?

మన ఓట్లు కలిపినవి కావు

కారణం ఇదే. సిద్ధాంతం ఓట్లు బాగా కలిశాయని అనుకుంటుంది. ఈవీఎం లెక్కింపులో అవి కలవవు. సాధారణంగా ఒక అసెంబ్లీ స్థానానికి 14 టేబుళ్లు వేస్తారు. పోలింగ్ కేంద్రాల వరుస సంఖ్య ప్రకారం రౌండుకు 14 యంత్రాలు వస్తాయి. యంత్రానికి 700 ఓట్లు అనుకుంటే రౌండుకు సుమారు 10,000. వరుస సంఖ్య పక్కపక్కనే ఉన్న కేంద్రాలు చాలావరకు పక్కపక్క ఊళ్లవి, పక్కపక్క వీధులవి. కాబట్టి మూడో రౌండంటే ఒక మండలం, పన్నెండో రౌండంటే ఒక పట్టణం. ఒక మండలం ఒకరికి, పట్టణం మరొకరికి మొగ్గితే ఆధిక్యం రౌండు రౌండుకూ మారుతుంది. అది యాదృచ్ఛికమూ కాదు, మోసమూ కాదు. అది ఆ నియోజకవర్గం భౌగోళిక స్వరూపం.

కాగితపు బ్యాలెట్ల కాలంలో వేర్వేరు కేంద్రాల ఓట్లను కలిపి లెక్కించడానికి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 59ఎ వీలు కల్పించింది. ఏ ఊరు ఎవరికి ఓటేసిందో తెలిస్తే ఆ ఊరి మీద కక్ష సాధింపు ఉంటుందన్న భయమే దీనికి కారణం. ఈవీఎంలకు కూడా అలాంటి ఏర్పాటు ఉండాలని, అనేక యంత్రాల ఓట్లను కలిపి ఒకే మొత్తంగా చూపే టోటలైజర్‌ను వాడాలని లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సూచించింది. అది అమల్లోకి రాలేదు. వచ్చి ఉంటే రౌండ్ల వారీ ఊగిసలాట కూడా కొంత తగ్గేది.

అనుమానం వస్తే ఏం చూడాలి?

ఆధిక్యం మారడం ఒక్కటే దేనికీ రుజువు కాదు. అక్రమం జరిగిందనడానికీ కాదు, జరగలేదనడానికీ కాదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. పోలింగ్ ముగిశాక ఏజెంట్లకు ఇచ్చే ఫారం 17సిలో ఆ కేంద్రంలో పోలైన ఓట్ల సంఖ్య ఉంటుంది. లెక్కింపులో యంత్రం చూపిన మొత్తం దానితో సరిపోవాలి. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం తర్వాత ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో లాటరీ ద్వారా ఎంపిక చేసిన 5 కేంద్రాల వీవీప్యాట్ చీటీలను లెక్కించి యంత్రంతో పోలుస్తున్నారు. కేంద్రాల వారీ ఫలితాలు ఫారం 20లో ఉంటాయి. ఫిర్యాదు చేయదలచినవాళ్లకు ఆధారం దొరికితే ఈ కాగితాల్లోనే దొరకాలి, టీవీలో కనిపించిన ఆధిక్యాల్లో కాదు.

ఫారం 20 చేతిలో ఉంటే ఒక చిన్న పని చేసి చూడవచ్చు. 20 రౌండ్ల లెక్కింపులో 12 రౌండ్లు పూర్తయ్యేసరికి 3,000 ఓట్లు వెనుకబడి, చివరికి 1,000 ఓట్లతో గెలిచిన అభ్యర్థి ఉన్నాడనుకుందాం. చివరి 8 రౌండ్లలో ఆయనకు 4,000 ఆధిక్యం వచ్చినట్టు. ఇప్పుడు అవే కేంద్రాలను చివరి నుంచి మొదటికి లెక్కించండి. 8 రౌండ్లకే ఆయన 4,000 ఓట్ల ముందంజలో ఉంటాడు. ఆ తర్వాత ప్రత్యర్థి తేడా తగ్గించుకుంటూ వస్తాడు కానీ అందుకోలేడు. ఒక్క ఓటు కూడా మారలేదు. మారింది లెక్కించిన క్రమమే.