అమ్మ తర్వాత, అధ్యక్షుల తర్వాత

హైదరాబాద్‌లో సైదాబాద్ చౌరస్తా నుంచి మలక్‌పేట వైపు వెళ్తే నల్గొండ క్రాస్‌రోడ్స్ దగ్గర వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్తే వివేకానందనగర్‌లో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ. మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం 1968లో మొదలైన సంస్థ అది. ఒక పక్క సర్కారు ఫైలు, మరో పక్క స్వచ్ఛంద సేవ. ఈ రెండింటి మధ్య బిడ్డ చెయ్యి పట్టుకుని తిరిగే తల్లులు చంపాపేట, సంతోష్‌నగర్, సింగరేణి కాలనీ, చంచల్‌గూడల నుంచి షేర్ ఆటోల్లో వస్తారు. ఏం కావాలమ్మా అంటే ముందు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ గురించో, 2023లో 4,016 రూపాయలకు పెరిగిన ఆసరా పింఛను గురించో, స్పీచ్ థెరపీ గురించో చెబుతారు. కాసేపు కూర్చుంటే అసలు భయం బయటపడుతుంది. తాము పోయాక బిడ్డను ఎవరు చూస్తారని.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన వాళ్ల గురించే ఈ కథనం: ఇలాంటి సంస్థలను నడిపే అధ్యక్షులు, కార్యదర్శులు, డైరెక్టర్లు. మనం వాళ్ల త్యాగాన్ని పొగుడుతాం, సన్మానం చేస్తాం, శాలువా కప్పుతాం. కానీ తల్లి అడిగే ప్రశ్ననే వాళ్లనూ అడగాలి: మీ తర్వాత ఎవరు? దానికి సిద్ధంగా జవాబు లేని సంస్థ ఏ బిడ్డకూ జీవితకాలపు హామీ ఇవ్వలేదు. ఎందుకంటే ఈ పిల్లల్లో చాలామంది తల్లిదండ్రుల కంటే, సంస్థను పెట్టినవాళ్ల కంటే ఎక్కువకాలం బతుకుతారు.

చట్టం లేని రోజుల్లో

మొదటితరం వాళ్లు ఒంటరిగా ఎందుకు నడవాల్సి వచ్చిందో గుర్తుంచుకోవాలి. ముంబైలో జై వకీల్ బడి 1944లో, డౌన్ సిండ్రోమ్ ఉన్న కూతురి కోసం ఒక పార్సీ దంపతులు వేసిన అడుగుతో మొదలైంది. 1972లో మిథు అలూర్ అదే నగరంలో స్పాస్టిక్స్ సొసైటీని స్థాపించారు; ఆమె కూతురు మాలినికి సెరిబ్రల్ పాల్సీ. సికింద్రాబాద్‌లో పి. హనుమంతరావు 1977లో స్వీకార్ అనే సంస్థను మొదలుపెట్టారు. బోయిన్‌పల్లిలో మేధోవైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ (అప్పుడు ఎన్‌ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ) వచ్చేసరికి 1984. ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణకు కొలమానాలు పెట్టే పునరావాస మండలి చట్టం 1992లో వచ్చింది. వికలాంగుల హక్కులకు తొలి చట్టం 1995లో, ఆటిజం, మేధోవైకల్యం వంటివి ఉన్నవాళ్ల సంక్షేమం కోసం నేషనల్ ట్రస్ట్ చట్టం 1999లో వచ్చాయి.

అంటే దిల్‌సుఖ్‌నగర్ సంస్థ పుట్టిన తర్వాత 24 ఏళ్ల వరకూ ప్రత్యేక ఉపాధ్యాయుడికి ఏ అర్హత ఉండాలో చెప్పే చట్టమే ఈ దేశంలో లేదు. అలాంటి కాలంలో పాఠ్యక్రమం రాసిందీ, టీచర్‌ను తయారు చేసిందీ, అధికారి గది ముందు బెంచీ మీద కూర్చున్నదీ, చందా పుస్తకం పట్టుకుని తిరిగిందీ ఒకరో ఇద్దరో. ఆ తెగువకు ఈ నగరం ఎంతో రుణపడింది. అయితే ఆ కాలం మిగిల్చిన ఒక అలవాటు ఇప్పుడు భారమైంది. ఇప్పటికీ చాలాచోట్ల దాతకు తెలిసింది ఒక్కరి ఫోన్ నంబరే, చెక్కు మీద సంతకం ఒక్కరిదే, ఆఫీసులో ఫైలు కదిలేది ఒక్కరు వెళ్తేనే. ఆ ఒక్కరికి గుండెనొప్పి వచ్చిందంటే ఆయాలకు ఆ నెల జీతం రాదు.

అన్నదానం సరే, జీతం ఎవరిస్తారు?

నాయకత్వం అనగానే ఆశయాలూ ఉపన్యాసాలూ గుర్తొస్తాయి. దగ్గర నుంచి చూస్తే అందులో పెద్ద భాగం నెలాఖరు లెక్క. మన ఊళ్లో దాతలకు కొదవ లేదు. పుట్టినరోజుకు భోజనాలు పెట్టించేవాళ్లు, పెళ్లిరోజుకు పళ్లు పంచేవాళ్లు, పెద్దల తిథికి దుప్పట్లు ఇచ్చేవాళ్లు వరుసలో ఉంటారు. పిల్లలతో ఒక ఫోటో దిగి వెళ్తారు. వాళ్ల మనసు మంచిదే. కానీ నోట్లో ముద్ద పెట్టి, మూతి తుడిచి, తడిసిన బట్టలు మార్చే ఆయా జీతానికి దాత దొరకడు. వ్యాన్ డీజిలుకు దొరకడు. అకౌంటెంటుకు అసలే దొరకడు. వికలాంగుల పునరావాసానికి కేంద్రం ఇచ్చే దీన్‌దయాళ్ పథకం గ్రాంటు ఏ నెలలో చేతికొస్తుందో ముందుగా చెప్పడం కష్టం. జీతాలు మాత్రం ఒకటో తారీఖున ఇవ్వాలి.

విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు పంపుదామన్నా, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. దుర్వినియోగాన్ని ఆపాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. దాని దెబ్బ మాత్రం సంస్థలో రెండో వరుస మనిషి మీద పడింది. రేపటి డైరెక్టర్‌గా ఎదగాల్సిన యువతికి సరైన జీతం ఇచ్చి నిలుపుకోవాలంటే అది పరిపాలనా ఖర్చే. ఆ డబ్బు లేక ఆమె రెండేళ్లకే ఏ ప్రైవేటు థెరపీ సెంటర్‌కో వెళ్లిపోతుంది. ఎంబీఏ చదివినవాళ్లు సేవకు రావడం లేదని నిట్టూర్చే పెద్దలు వాళ్లకు ఎంత ఇవ్వజూపుతున్నారో కూడా చెప్పాలి. అన్నదానానికి వచ్చిన దాతను పక్కన కూర్చోబెట్టుకుని, ఏడాదికి ఒక టీచర్ జీతం మీ అమ్మగారి పేరున ఇవ్వండి అని అడిగి ఒప్పించగలిగితే, నా దృష్టిలో అదే ఈ పదవికి కావాల్సిన మొదటి విద్య.

ఉర్దూ ఇంటి పిల్లవాడు

సైదాబాద్‌లో ఇంకో విషయం ఉంది, కొత్తపేట దాటితే అంతగా కనిపించనిది. ఒకే తరగతిలో తెలుగింటి పాప పక్కన దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇంటి బాబు కూర్చుంటాడు. మేధోవైకల్యం ఉన్న బిడ్డకు ఒక్క భాషలో నీళ్లు అడగడం నేర్పడానికే నెలలు పడుతుంది. బడిలో నీళ్లు అని నేర్పి, ఇంట్లో పానీ అంటుంటే వాడు పడిన కష్టమంతా గేటు దాటేలోపు కరిగిపోతుంది. ఇంటి భాషలో నేర్పే టీచర్ కావాలి. రంజాన్ నెలలో వేళలు మార్చాలి. ఇల్లు వదిలి ఎక్కువసేపు ఉండలేని తల్లి కోసం ఇంటికే వెళ్లి నేర్పే మనిషి కావాలి. ఇవేవీ ప్రభుత్వ నిబంధనల్లో ఉండవు. కుర్చీలో కూర్చున్నవాళ్లు బస్తీలో నడిస్తేనే తడతాయి. అలా నడిచే డైరెక్టర్ ఒకరు ఉంటే ఆ బడిలో హాజరు పట్టిక వేరేగా ఉంటుంది.

పద్దెనిమిది నిండాక

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాలను 21 రకాలుగా గుర్తించింది. ఆటిజానికి అందులో స్పష్టమైన చోటు దక్కింది. 6 నుంచి 18 ఏళ్ల వరకూ ఉచిత విద్య హక్కు అంది. పందొమ్మిదో ఏట ఏమిటి? బడి నుంచి ఇంటికి వచ్చిన కుర్రాడు గదిలో టీవీ ముందు కూర్చుంటాడు. తండ్రి రిటైరవుతాడు, తల్లికి మోకాళ్లు పట్టేస్తాయి, వాడి బరువు మాత్రం పెరుగుతుంది. నేషనల్ ట్రస్ట్ పెద్దవాళ్ల నివాసానికి ఘరౌందా, పగటి సంరక్షణకు వికాస్, లక్ష రూపాయల వరకూ ఆరోగ్య బీమాకు నిరామయ వంటి పథకాలు చేతికిచ్చింది. వాటిని వాడుకుని పెద్దవాళ్ల కోసం ఇళ్లు నడపడానికి ముందుకొచ్చే సంస్థలు తక్కువ. చిన్నపిల్లల బొమ్మ చూసి కరిగే దాత నలభై ఏళ్ల గడ్డం మనిషి ఫోటోకు కరగడు. సంస్థ పెద్దలకు నిజమైన పరీక్ష ఇక్కడే. అడ్మిషన్లు పెంచి వార్షిక నివేదికలో సంఖ్య చూపించడం సులువు. ఉన్నవాళ్లను వృద్ధాప్యం దాకా మోయడానికి నిధి పక్కన పెట్టి, ఆ మేరకు కొత్తవాళ్లకు సారీ చెప్పడం చాలా కష్టం. ఆ కష్టమైన మాట చెప్పగలిగేవాళ్లను నేను ఎక్కువగా నమ్ముతాను.

దేవుడిలాంటి మనిషి అన్నప్పుడు

ఒక విదేశీ అనుభవం మనవాళ్లందరూ చదవాలి. ఫ్రాన్స్‌లో 1964లో జాన్ వానియే మేధోవైకల్యం ఉన్న ఇద్దరిని తనతోపాటు ఉంచుకున్న ఇల్లు లార్ష్ అనే ప్రపంచవ్యాప్త సంస్థ అయింది. మన దేశంలో దాని తొలి ఇల్లు, ఆశానికేతన్, 1970లో బెంగళూరులో వెలిసింది. 2019లో కన్నుమూసేనాటికి లోకం ఆయన్ను మహాత్ముడిలా చూసింది. 2020 ఫిబ్రవరిలో లార్ష్ తానే జరిపించిన విచారణ ఫలితాన్ని బయటపెట్టింది. ఆధ్యాత్మిక మార్గదర్శనం ముసుగులో ఆయన కనీసం ఆరుగురు మహిళలను లైంగికంగా వాడుకున్నాడని తేలింది. 2023 నివేదికలో ఆ సంఖ్య కనీసం 25. బాధితుల్లో మేధోవైకల్యం ఉన్నవాళ్లు ఉన్నట్టు బయటపడలేదు. ఆ వార్త ఎందరి గుండెల్నో పిండేసింది. అయినా నన్ను ఆపింది ఆ తర్వాతి సంగతి: వ్యవస్థాపకుడి మీద విచారణ జరిపించి, ఫలితం దాచకుండా చెప్పగలిగిన వారసులు ఆ సంస్థలో ఉన్నారు. సంస్థ ఇంకా నడుస్తోంది.

మన సొసైటీల్లో ఆ శక్తి ఎక్కడుంది? పాలకవర్గంలో భార్య, బావమరిది, ఆడిటరు, చిన్ననాటి స్నేహితుడు ఉంటే ప్రశ్నించేదెవరు? మాట సరిగా రాని పిల్లలున్న చోట ఇది ప్రాణానికి సంబంధించిన విషయం. వీపు మీద కమిలిన మచ్చ ఎలా వచ్చిందో ఆ బిడ్డ చెప్పలేడు. కెమెరాలు పెట్టామంటారు, అలసిపోయిన ఆయా చేతి దురుసు మారుమూల స్నానాల గదిలోనే జరుగుతుంది. తల్లిదండ్రులు చెప్పకుండా ఏ వేళకైనా లోపలికి రాగలగాలి. పాలకవర్గంలో వాళ్లకు ఓటుండాలి. ఆయాలకు వారంలో ఒకరోజు నిజంగా సెలవు దొరకాలి. రాష్ట్రం గుర్తింపు పత్రం లేకుండా ఇలాంటి సంస్థ నడపకూడదని 2016 చట్టమే చెబుతోంది. బిడ్డను చేర్చే ముందు ఆ పత్రం చూపించమని అడగడానికి మొహమాటం వద్దు.

అడగాల్సినవి మరికొన్ని ఉన్నాయి. పెద్దాయన ఊళ్లో లేనప్పుడు చెక్కు మీద ఎవరు సంతకం పెడతారు? గత మూడేళ్లలో ఎంతమంది టీచర్లు మానేశారు? పాలకవర్గంలో బంధువులు కానివాళ్లు ఎవరు? ఈ ప్రశ్నలకు నొచ్చుకోకుండా జవాబిచ్చే చోట బిడ్డను వదలవచ్చు.

సంస్థ కూడా తల్లిని కొన్ని అడగాలి. వాడు ఏ కంచంలో అయితే తింటాడు, ఫిట్స్ వచ్చే ముందు ఏం చేస్తాడు, ఏ శబ్దానికి భయపడతాడు, బాబాయిని చూస్తే ఎందుకు ఏడుస్తాడు. ఇవన్నీ ఆమె ఒక్కదానికే తెలుసు. కూర్చోబెట్టి రాయించుకోవాలి, ఏటా సరిచూసుకోవాలి. పద్దెనిమిది నిండితే కన్నవాళ్లు తమంతట తాముగా చట్టపరమైన సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతా దగ్గరే ఆ సంగతి తెలిసి కంగారు పడే కుటుంబాలెన్నో. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ప్రతి జిల్లాలో కలెక్టర్ నాయకత్వాన స్థానిక కమిటీ ఉంటుంది. అందులో ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి కూడా సభ్యులు. సంరక్షకుడి నియామకానికి దరఖాస్తు ఇవ్వాల్సింది అక్కడే. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి విద్యార్థి ఇంటికీ ఆ నెలలోనే బడి నుంచి ఒకరు వెళ్లి, ఆ కాగితాలు దగ్గరుండి నింపించాలి.