పాత పికప్పు బండి ఆగి ఆగి నడచుట: కారణము కనుగొను క్రమము

మన సంఘములలో పెక్కింటికి సొంత బండి యనగా పాత డీజిలు పికప్పే. ఈరోడు నుండి నూలు తెచ్చుటకైనను, షోలాపురము దుప్పట్లు బజారుకు పంపుటకైనను, బరంపురము పట్టు చీరలు ప్రదర్శనకు చేర్చుటకైనను ఆ బండియే ఆధారము. అట్టి బండికి ఒక చిత్రమైన రోగము పట్టుట కలదు. బయలుదేరిన అరగంటకు ఆగిపోవును. పది నిమిషములు నిలిపి ఉంచినచో మరల స్టార్టగును. సిగ్నలు వద్ద నిలిపినప్పుడు ఇంజను కుదుపుతో వణకును. మెకానిక్కు వద్దకు తీసికొని పోయిన నాడు మాత్రము ఏమియు ఎరుగనట్లు చక్కగా నడచును.

ఈ రోగము వలన సంఘముల డబ్బు వృథా యగుట మేము చూచుచునే ఉన్నాము. ఒక భాగము మార్చుట, రెండు దినములు నడచుట, మరల ఆగుట, మరియొక భాగము మార్చుట, తుదకు పెద్ద పంపును విప్పుట. ఈలోగా అద్దె బండి ఖర్చు వేరు. ఆ డబ్బంతయు నేత మీద వచ్చినదే కదా. మగ్గము మీద పోగు తెగినప్పుడు మనము మగ్గమును మార్చము. పన్నె వద్ద తెగినదా, వెనుక పడుగులో తెగినదా యని వరుసగా చూచుకొని పోదుము. బండి విషయములోను అదే పద్ధతి. ఖర్చు లేని పరీక్ష ముందు, కొద్ది ఖర్చుది తరువాత, పంపు విప్పుట అన్నిటికంటె చివర.

ఇక్కడ వ్రాయునది మెకానికల్ ఎఫ్.ఐ. పంపు గల పాత డీజిలు బండ్లకు వర్తించును. కామన్ రైలు ఇంజన్లకు కంప్యూటరు ఉండును. వాటికి ముందుగా స్కానరు పెట్టించి చూపించవలెను. ఆ ఇంజన్లలో డీజిలు పైపుల ఒత్తిడి వేయి బారుకు పైబడి ఉండును గనుక, క్రింద చెప్పబోవు పైపు వదులు చేయు పరీక్ష వాటికి ఎంత మాత్రము చేయరాదు.

1. ఐడ్లింగులోనే రోగము బయటపడుట ఎందుకు?

డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు లేదు. గాలిని సుమారు 18, 20 వంతులలో ఒక వంతునకు కుదించగా పుట్టిన వేడికే డీజిలు అంటుకొనును. నాలుగు సిలిండర్ల ఇంజను ఐడ్లింగులో నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అప్పుడు ఒక్కొక్క సిలిండరులో నిమిషమునకు 400 మార్లు, నాలుగింటిలో కలిపి 1,600 మార్లు డీజిలు పడవలెను. ఒక్కొక్క మారు పడునది ఒక బొట్టులో చిన్న భాగమే. అంత స్వల్పమైన కొలతలో కొంచెము గాలి చేరినను ఆ సిలిండరు ఆ మారు పలుకదు. దీనినే మెకానిక్కులు మిస్సింగ్ అందురు. యాక్సిలరేటరు తొక్కినప్పుడు డీజిలు ఎక్కువగా పడును, ఇంజను వేగము కూడ ఎక్కువగా ఉండును గనుక ఆ లోపము కప్పబడి పోవును. కావున ఐడ్లింగు చెడినంత మాత్రమున ఇంజను పాడైనదని బెదరవలసిన పని లేదు.

2. ఆగిన తీరును ముందు అడుగవలెను

డ్రైవరును ఈ నాలుగు ప్రశ్నలు అడిగినచో సగము దారి తెలియును.

తాళము తిప్పినట్లు ఒక్కసారిగా ఆగినదా, లేక దగ్గుచు దగ్గుచు ఆగినదా? ఒక్కసారిగా ఆగినచో కరెంటును అనుమానింపవలెను. కొన్ని బండ్లలో పంపు మీద ఒక సోలినాయిడు ఉండును. దానికి కరెంటు అందినంత సేపే డీజిలు పోవును. దాని వైరు వదులైనను, తుప్పు పట్టినను గతుకు మీద ఇంజను ఠక్కున ఆగును. వైరు కొసను శుభ్రము చేసి బిగించుటకు ఖర్చు లేదు. దగ్గుచు ఆగినచో డీజిలు అందుట లేదని అర్థము.

ఉదయము స్టార్టయిన వెంటనే ఆగినదా? రాత్రి నిలిచినప్పుడు ఎక్కడనో గాలి చొరబడి, పైపులోని డీజిలు వెనుకకు ట్యాంకులోనికి జారిపోయి ఉండును.

లోడుతో ఎక్కుడు దారిలో ఆగినదా? ఐడ్లింగు బాగుండి, లోడులో మాత్రమే బలము తగ్గినచో డీజిలు ఫిల్టరు మూసికొని పోయి ఉండవచ్చును.

కొంత దూరము పోయి ఆగి, నిలిపి ఉంచగా మరల స్టార్టగుచున్నదా? ట్యాంకు మూతను, ట్యాంకు లోపలి జల్లెడను చూడవలెను. మూతకు గాలి పోవు సన్నని రంధ్రము ఉండును. అది దుమ్ముతో మూసికొన్నచో డీజిలు తగ్గిన కొలది ట్యాంకులో శూన్యత పెరిగి, పంపు లాగలేకపోవును. బండి ఆగిన క్షణముననే మూత వదులు చేసి చూడవలెను. బుస్సుమని గాలి లోనికి పోయి, ఇంజను వెంటనే స్టార్టయినచో రోగము మూతలోనే ఉన్నది. మూత కారణము కానిచో ట్యాంకు అడుగు చెత్తను చూడవలెను. ఇంజను నడచునంత సేపు ఆ చెత్త జల్లెడకు అంటుకొని ఉండి, ఆగిన తరువాత జారి పడిపోవును. అందువలననే నిలిపి ఉంచిన బండి తనంతట తాను బాగయినట్లు కనబడును.

3. ట్యాంకు నుండి పంపు వరకు

డీజిలు దారి ఇది: ట్యాంకు, అక్కడి నుండి పైపు, నీరు వేరు చేయు గిన్నె, ఫీడు పంపు, ఫిల్టరు, పెద్ద పంపు, ఇంజెక్టర్లు. ఇందులో ఒక సంగతి ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. ఫీడు పంపు తరువాతి పైపులలో డీజిలు ఒత్తిడితో పోవును గనుక అక్కడ సందు ఉన్నచో బయటకు కారి తడి కనబడును. ట్యాంకుకు, ఫీడు పంపుకు మధ్య పైపులలో డీజిలు లాగబడుచుండును. అక్కడ సందు ఉన్నచో ఇంజను నడచునప్పుడు డీజిలు బయటకు రాదు, గాలి లోనికి పోవును. బయట తడి ఉండదు గనుక ఎవరును కనిపెట్టలేరు. ఏండ్లు గడచిన రబ్బరు హోసు పైపు, దాని కొసన క్లిప్పు కింద చీలి ఉండుట తరచు జరుగుచుండును.

మా సంఘపు బండికి ఇట్లే జరిగినది. ఒక షెడ్డు వారు పెద్ద పంపు విప్పి రిపేరు చేయవలెనని చెప్పిరి. మేము అందుకు ఒప్పుకొనక ముందుగా డబ్బా పరీక్ష చేయుమంటిమి. శుభ్రమైన డబ్బాలో డీజిలు పోసి, కదలకుండ కట్టి, సైలెన్సరు పైపుకు దూరముగా ఉంచి, ఫీడు పంపునకు వచ్చు పైపును, తిరిగి పోవు రిటర్ను పైపును రెంటిని అందులో పెట్టించితిమి. ఎయిరు తీసి స్టార్టు చేయగా గంట సేపు ఐడ్లింగు కదలలేదు. దానితో పెద్ద పంపు బాగున్నదని తేలినది. ట్యాంకు వైపు వెదుకగా క్లిప్పు కింద చీలిన హోసు పైపు దొరకినది. రెండు మూరల కొత్త పైపు, రెండు క్లిప్పులు వేయుటతో పని ముగిసినది.

డబ్బా పరీక్షకు ముందు చేయదగినవి మరి రెండు ఉన్నవి. మొదటిది నీరు చూచుట. గిన్నె అడుగు స్క్రూ వదులు చేసి, వచ్చిన దానిని గాజు గ్లాసులో పట్టి కొంత సేపు ఉంచవలెను. నీరు బరువు గనుక అడుగున వేరుగా నిలుచును. వానకాలములో వారమునకు ఒకసారి ఇట్లు తీయుట మంచిది. రెండవది బుడగలు చూచుట. ఫిల్టరు నుండి పెద్ద పంపుకు పోవు దారిలో జానెడు పారదర్శకమైన పైపును తాత్కాలికముగా పెట్టి ఇంజను నడిపించినచో, గాలి ఉన్నప్పుడు బుడగలు వరుసగా పోవుట కంటికి కనబడును.

ఇక్కడ మన వృత్తికి సంబంధించిన హెచ్చరిక ఒకటి ఉన్నది. మన బండ్లలో తుడుచుటకు వేస్టు నూలు చేతికి అందునట్లు ఉండును. డీజిలు ట్యాంకు మూతిని, ఫిల్టరు గిన్నెను, పైపు కొసలను దానితో తుడువరాదు. దాని నుండి ఊడిన పీచు లోపలికి పోయి జల్లెడకు, సన్నని రంధ్రములకు అడ్డుపడును. పీచు ఊడని గుడ్డను వాడవలెను. మూత పోయినదని ట్యాంకు మూతిలో గుడ్డ కుక్కుట మరియు చెడ్డ పని. నూలు బేళ్ల దూది ధూళి గాలి ఫిల్టరును కూడ త్వరగా మూయును గనుక, దానిని మామూలు బండ్ల కంటె తరచుగా విప్పి చూడవలెను.

4. ఏ సిలిండరు పలుకుట లేదు?

డీజిలు శుభ్రముగా, గాలి లేకుండ అందుచున్నను వణకు తగ్గనిచో ఇంజెక్టర్ల వంతు వచ్చును. ఈ పరీక్ష అనుభవము గల మెకానిక్కే చేయవలెను. ఐడ్లింగులో ఒక్కొక్క ఇంజెక్టరు పైపు నట్టును వరుసగా కొంచెము వదులు చేసి మరల బిగించును. బాగుగా పనిచేయు సిలిండరు నట్టు వదులు చేయగానే ఇంజను శబ్దము మారి ఇంకను వణకును. ఏ నట్టు వదులు చేసినప్పుడు శబ్దములో మార్పు రాదో ఆ సిలిండరే పలుకుట లేదు. ఒత్తిడితో చిమ్ము డీజిలు చర్మములోనికి దూసికొని పోయి ప్రమాదము చేయగలదు. కండ్లద్దములు పెట్టుకొని, చేతిని అడ్డు పెట్టక ఈ పని చేయవలెను. డీజిలు చర్మములోనికి పోయినచో గాయము చిన్నదని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

తరువాత ఆ ఇంజెక్టరును ప్రక్క సిలిండరులోని దానితో మార్చి చూడవలెను. రోగము ఇంజెక్టరుతో పాటు ప్రక్క సిలిండరుకు పోయినచో ఇంజెక్టరు చెడినది. దానిని టెస్టింగు మిషను మీద పెట్టి నాజిలు మార్చిన చాలును. విప్పినప్పుడెల్ల సీలు వాషరు కొత్తది వేయవలెను. రోగము మొదటి సిలిండరులోనే ఉండిపోయినచో ముందు టాపెట్ల సందును కంపెనీ చెప్పిన కొలతకు సరిచేసి, ఆ పైన కంప్రెషను చూపించవలెను. అవియు బాగున్నచో అప్పుడే పెద్ద పంపును అనుమానింపవచ్చును.

పొగ కూడ సాక్ష్యము చెప్పును. నల్ల పొగ వచ్చినచో డీజిలుకు తగిన గాలి అందుట లేదు, లేదా నాజిలు కారుచున్నది. డీజిలు వాసనతో తెల్లని పొగ వచ్చినచో డీజిలు మండక బయటకు వచ్చుచున్నది. నీలి పొగ వచ్చినచో ఇంజను ఆయిలు మండుచున్నది. పొగ లేక, సైలెన్సరు శబ్దము సమముగా ఉండి, బండి మాత్రము ఊగుచున్నచో ఇంజను మౌంటింగు రబ్బర్లను చూడవలెను.

ఐడ్లింగు స్క్రూ తిప్పి వేగము పెంచుట కొందరు చేయు చికిత్స. దానితో వణకు తగ్గినట్లు కనబడును గాని కారణము లోపలనే ఉండును. కారణము తెలిసి సరిచేయువరకు ఆ స్క్రూను ముట్టనీయరాదు.

5. ఘాటు దారిలో ప్రాణము సంగతి

ఇంతవరకు డబ్బు మాట. ఇక ప్రాణముల మాట. ఈ పికప్పులలో బ్రేకుకు సహాయము చేయు వ్యాక్యూము, ఇంజనుతో తిరుగు చిన్న పంపు వలన పుట్టును. ఇంజను ఆగినచో బూస్టరులో మిగిలినది ఒకటి రెండు మార్లు బ్రేకు తొక్కుటకే చాలును. ఆ తరువాత పెడలు రాయి వలె బిగిసికొనును. బ్రేకు పూర్తిగా పోలేదు గాని మిక్కిలి ఎక్కువ బలముతో తొక్కవలసి వచ్చును. పవరు స్టీరింగు ఉన్నచో అదియు బరువెక్కును.

డీజిలు మిగులునని కొందరు డ్రైవర్లు దిగుడు దారిలో బండిని న్యూట్రలులో వదలుదురు. న్యూట్రలులో ఇంజను ఐడ్లింగునకు దిగును. ఆగు రోగము గల ఇంజను ఆగునది అప్పుడే. సత్యమంగళము నుండి చామరాజనగరము పోవు దింబం ఘాటులో 27 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నవి. అట్టి చోట నూలు లోడుతో దిగుచు ఇంజను ఆగినచో ఏమగునో చెప్పనక్కరలేదు. గేరులో ఉంచి దిగినచో చక్రములే ఇంజనును త్రిప్పును. డీజిలు అందకున్నను వ్యాక్యూము పంపు తిరుగుచునే ఉండును, ఇంజను పట్టు కూడ బండి వేగమును ఆపును. ఒకవేళ ఇంజను ఆగినచో బ్రేకును మాటిమాటికి తొక్కి వదలరాదు. ఒకే పట్టున గట్టిగా తొక్కి, గేరులోనే ఉంచి, ప్రక్కకు తీసి నిలుపవలెను. ఆగు రోగము బాగుకాని బండిని లోడుతో ఘాటుకు పంపరాదని మా సంఘములో నియమము పెట్టితిమి. తక్కిన సంఘములు కూడ పెట్టుకొనుట మేలు.

6. రిజిస్టరు

బండిలో ఒక చిన్న నోటుబుక్కు ఉంచి, ఆగిన ప్రతిసారి అయిదు సంగతులు వ్రాయించవలెను: తేది, సమయము, బయలుదేరి ఎంత సేపయినది, లోడు, దారి ఎట్టివి, ఠక్కున ఆగినదా, దగ్గుచు ఆగినదా, మరల ఎట్లు స్టార్టయినది. డీజిలు ఎక్కడ పోయించినది కూడ వ్రాసిన మంచిది. నాలుగైదు మార్లు వ్రాయునప్పటికి వరుస కనబడును. మెకానిక్కు ముందు బండి ఆగకపోయినను ఆ పుస్తకము సాక్ష్యమిచ్చును. మంచి మెకానిక్కు దానిని చూచి సంతోషించును.

ఏ భాగము మార్చినను పాత భాగమును తిరిగి అడిగి తీసికొనవలెను. ఒకేసారి రెండు భాగములు మార్పించరాదు. అట్లు చేసినచో ఏది రోగమో తెలియక పోవును. ఈ క్రమమును కార్యదర్శులు తమ డ్రైవర్లకు చదివి వినిపించి, ఒక ప్రతిని బండిలో అంటించి ఉంచవలెనని కోరుచున్నాము.