ఒక్కరే నడుపుకొనే క్రికెట్ పోటీ

“వాన కారణంగా ఆట ఆగిపోయినది.” క్రికెట్ వ్యాఖ్యానం వినే శ్రోతకు ఇంతకంటె నిరుత్సాహం కలిగించే మాట మరొకటి ఉండదు. అరకులోయలో వర్షాకాలం గడిపినవారికి ఈ నిరుత్సాహం మరీ బాగుగా తెలుసును. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఆ లోయలో ముసురు పట్టినదంటే మధ్యాహ్నం మూడుగంటలకే మబ్బు కొండ దిగి వాకిట్లోకి వస్తుంది. ఎదుటి మెట్టమీది వలిసెచేను కనుపించదు. ఉద్యోగరీత్యా అక్కడ ఒంటరిగా కాపురముండే ఉపాధ్యాయునికి గాని, కాఫీతోటల ఉద్యోగికి గాని దీపాలవేళ తోడు రేడియో ఒక్కటే. ఆ రేడియో కూడ ఆట ఆగినదని చెప్పిన తరువాత చేయవలసిన దేమిటి? రెండు పాచికలు, ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు ఉన్నచో ఆటను మనమే కొనసాగించవచ్చును. అంతేకాదు, ఎన్నడూ ఎదురుపడని జట్లను ఎదురుపరచి పోటీ నడపవచ్చును.

మన పిల్లలకు ఈ విద్య కొత్తది కాదు. తరగతిలో బల్లక్రింద దాచి ఆడే ‘బుక్ క్రికెట్’ దీనికి తొలిమెట్టు. పుస్తకం తటాలున తెరచి, ఎడమచేతి పుట సంఖ్యలో చివరి అంకె చూస్తారు. 2 వస్తే రెండు పరుగులు, 4 వస్తే నాలుగు, సున్న వస్తే అవుటు. ఎడమపుటలు ఎప్పుడూ సరిసంఖ్యలే గనుక 0, 2, 4, 6, 8 అను ఐదు అంకెలలో ఏదో ఒకటి పడుతుంది. అయిదింట ఒకసారి అవుటు. అనగా సగటున ఒక వికెట్టుకు నాలుగుసార్లు పరుగులు వస్తాయి. ఆ పరుగుల సగటు 5. కాబట్టి వికెట్టుకు 20, పది వికెట్లకు 200. ఏ గణితజ్ఞుడూ చెప్పకుండానే పిల్లలు కనిపెట్టిన ఈ ఆటలో జట్టు మొత్తం నిజమైన క్రికెట్‌కు దగ్గరగానే వస్తున్నదంటే ఆశ్చర్యం కాదా!

అయితే ఇందులో రెండు లోపాలు ఉన్నవి. పాతపుస్తకం అట్టకుట్టు వదలిన చోటనే మాటిమాటికి తెరచుకొంటుంది. అంతకంటె పెద్దలోపం, బ్రాడ్మన్‌కు, పదకొండవ ఆటగానికి తేడా లేకపోవడం. పుస్తకానికి అందరూ ఒకటే. పూర్వపు మహాజట్లను ఆడించవలెనంటే ప్రతి ఆటగాని శక్తీ లెక్కలోకి రావలెను.

దీనికి ఉపాయం అమెరికావారి బేస్‌బాల్ నుండి దొరుకుతుంది. అక్కడ 1930లో క్లిఫర్డ్ వాన్ బీక్ అనే ఆయన ‘నేషనల్ పాస్‌టైమ్’ అను బల్లమీది ఆటను వెలువరించినాడు. ఆ పద్ధతి ననుసరించి 1951లో ‘ఏపీబీఏ’, పిమ్మట మరొక పద్ధతిలో 1961లో ‘స్ట్రాట్-ఓ-మాటిక్’ వచ్చినవి. వీటిలో ఒక్కొక్క ఆటగానికి ఒక్కొక్క చీటీ ఉంటుంది. అతడు నిజంగా ఆడిన ఆటల లెక్కలనుబట్టి ఆ చీటీ తయారవుతుంది. పాచికలు పడిన సంఖ్యను చీటీలో చూచుకోవలెను. ఎన్నడో గతించిన జట్లను ఒంటరిగా కూర్చుండి ఆడించే అభిమానులు అక్కడ నేటికీ ఉన్నారు.

ఇదే సూత్రాన్ని మన క్రికెట్‌కు అన్వయించుకొందాం. ఎర్రపాచిక ఒకటి, తెల్లపాచిక ఒకటి తీసుకొనవలెను. ఎర్రదానిని పదుల స్థానంలోను, తెల్లదానిని ఒకట్ల స్థానంలోను చదివితే 11 మొదలు 66 వరకు 36 సంఖ్యలు వస్తాయి. అన్నిటికీ సమాన అవకాశమే. పాచికలు ఒకసారి వేయడాన్ని ‘పందెం’ అందాం. ఒక పందెం ఒక బంతి కాదు. ఆ బ్యాట్స్‌మన్ ఆటలో ఒక చిన్న ఘట్టం. 11 నుండి మొదలుపెట్టి కొన్ని సంఖ్యలను ‘అవుటు’గా నిర్ణయించవలెను. తక్కిన ఏ సంఖ్య పడినా తెల్లపాచికమీద ఎన్ని చుక్కలుంటే అన్ని పరుగులు.

ఎన్ని అవుటు సంఖ్యలు పెట్టవలెననుటకు లెక్క సులభం. 36 పందేలలోను తెల్లపాచిక చుక్కల మొత్తం 126. అందులోనుండి అవుటు సంఖ్యల చుక్కలు తీసివేసి, మిగిలినదానిని అవుటు సంఖ్యలచేత భాగిస్తే ఆ బ్యాట్స్‌మన్ సగటు వస్తుంది. 11 ఒక్కటే అవుటైతే సగటు 125. 11, 12 రెండూ అవుటైతే 61½. మూడు సంఖ్యలకు 40, నాలుగింటికి 29, అయిదింటికి 22, ఆరింటికి 17½, ఎనిమిదింటికి సుమారు 13, పన్నెండింటికి 7. ఈ ఎనిమిది అంకెలను నోటుబుక్కు మొదటి పుటలో వ్రాసుకొన్నచో జీవితమంతా చాలును.

ఇప్పుడు మనవారిని చూడండి. టెస్టులలో వి.వి.ఎస్. లక్ష్మణ్ సగటు 45.97, అజారుద్దీన్ సగటు 45.03, ఇద్దరికీ మూడేసి సంఖ్యలు. జయసింహ సగటు 30.68, నాలుగు సంఖ్యలు. పటౌడీ సగటు 34.91, అది 40కి, 29కి సరిగా నడుమ ఉన్నది. అటువంటివారికి 11, 12, 13 అవుటు; 14 పడితే మరొకసారి ఒక పాచిక వేసి, సరిసంఖ్య వస్తేనే అవుటు అనుకోవలెను. సి.కె. నాయుడు ఆడిన 7 టెస్టులలో సగటు 25. ఆయనకు నాలుగో అయిదో ఇవ్వవలెను. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుమీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేసిన ఆ మహావీరుని విజృంభణ ఈ సగటులో కనుపించదు. సగటు మనిషి ఎత్తును చెప్పగలదు గాని, నడకను చెప్పలేదు.

బ్రాడ్మన్ సగటు 99.94. ఆయనకు 11 ఒక్కటే అవుటు. ఇక్కడ ఒక చిక్కున్నది. ఆయన 80 టెస్టు ఇన్నింగ్స్‌లో 7 సార్లు సున్నకు వెనుదిరిగినాడు. మన పాచికలప్రకారమైతే రెండు పర్యాయాలకు మించి జరుగరాదు. ఎంతటి ఆటగాడైనా క్రీజులోకి వచ్చిన మొదటి నిమిషాలలో బెరుకుగా ఉంటాడు. పాచికకు బెరుకు తెలియదు. అందుచేత కొత్తగా వచ్చిన బ్యాట్స్‌మన్‌కు మొదటి పందెంలో మాత్రం 65, 66 కూడ అవుటుగా పెట్టుకొంటే లెక్క ఇంచుమించు సరిపోతుంది. సగటు కొద్దిగా తగ్గినా ఆట నిజమవుతుంది.

ఇక బౌలర్లు. ప్రతి జట్టులోను ఇద్దరు ప్రధాన బౌలర్లను ఎన్నుకోవలెను. వారిలో ఒకరు వేస్తున్నంతసేపు 66 కూడ అవుటు. ఈ ఒక్క సంఖ్యతోనే 40 సగటు 28½కి దిగుతుంది. ఒక్కొక్కరు విడతకు 12 పందేల చొప్పున ఇన్నింగ్స్‌లో రెండు విడతలు మాత్రమే వేయవలెను. వారిని ఎప్పుడు దింపవలెననేది కెప్టెన్ నిర్ణయం. ఒక ఇన్నింగ్స్‌కు సుమారు 70, 80 పందేలు పడతాయి. వ్రాసుకొంటూ ఆడితే అరగంట.

జట్ల ఎంపిక ఈ ఆటలోకెల్ల రుచికరమైన భాగం. 1932లో లార్డ్స్‌లో మన తొలి టెస్టు ఆడిన నాయుడు జట్టు ఒకటి; దానికి నిస్సార్, అమర్‌సింగ్ ప్రధాన బౌలర్లు. ఇంగ్లండులో ఒక్క ఆటైనా ఓడని 1948 నాటి బ్రాడ్మన్ జట్టు ఒకటి, లిండ్వాల్, మిల్లర్. వెస్టిండీస్‌ను, ఇంగ్లండును వారి గడ్డమీదనే గెలిచిన 1971 నాటి వాడేకర్ జట్టు ఒకటి. నాల్గవది సర్వకాలాల హైదరాబాదు జట్టు: గులాం అహ్మద్, జయసింహ, పటౌడీ, అబ్బాస్ అలీ బేగ్, అజారుద్దీన్, లక్ష్మణ్, వెంకటపతిరాజు మున్నగువారు. 1971లో ఓవల్ మైదానంలో గెలుపు పరుగులు కొట్టిన ఆబిద్ అలీ రెండుజట్లకూ చెందుతాడు. ఒక మనిషి ఒక జట్టులోనే అని ముందుగా నియమం పెట్టుకోవలెను.

ఇటువంటి కోరికను డబ్బు పోసి నిజంగా తీర్చుకొన్నవారు మన కొండలకు దిగువనే ఉండేవారు. విజయనగర మహారాజకుమారుడు, క్రికెట్ లోకం ‘విజ్జీ’ అని పిలిచిన ఆయన, 1930–31లో జాక్ హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను రప్పించి తన జట్టులో ఆడించినాడు. 1936లో ఇంగ్లండులో భారతజట్టుకు నాయకుడై, తరువాతి కాలంలో రేడియో వ్యాఖ్యాతగా కూడ ఆయన శ్రోతలకు పరిచితుడైనాడు. ఆయనకు సంస్థానం కావలసివచ్చినది. మనకు రెండు పాచికలు చాలును.

పోటీని ఓడినవారు తప్పుకొనే పద్ధతిలోకంటె, అందరూ అందరితో ఆడే పద్ధతిలో నడపడం మేలు. ఒక్క ఆటలో అదృష్టానిదే పైచేయి. ఆటలు పెరిగిన కొద్దీ శక్తి తేలుతుంది. నాలుగుజట్లకు ఆరు ఆటలు, మొదటి ఇద్దరికి అంతిమపోటీ, మొత్తం ఏడు. జట్టుకు ఒక్కొక్క ఇన్నింగ్స్ చొప్పున ఆడితే రోజుకు ఒక గంట. ఒక వారం ముసురుకు సరిగా సరిపోతుంది.

పాచికలు నమ్మదగినవేనా అని ముందుగా పరీక్షించండి. ఒక పాచికను 180 సార్లు వేస్తే ఒక్కొక్క ముఖం సుమారు 30 సార్లు రావలెను. 25, 35 వచ్చినా చింతలేదు. 50 వస్తే దానిని పారవేయండి. అష్టాచెమ్మాలో వాడే గవ్వలు దీనికి పనికిరావు. నాలుగు గవ్వలు ఏ పక్కకు మొగ్గకుండ పడినప్పటికీ అన్నీ వెల్లకిల పడడం పదహారింట ఒకసారి, రెండు మాత్రమే పడడం ఆరుసార్లు. పందేలకు సమానావకాశం లేదు.

పరీక్షించవలసిన మరొకరు ఉన్నారు, ఆడేవారు. రెండుజట్లకూ కెప్టెన్ మనమే, అంపైరు మనమే, ప్రేక్షకుడు కూడ మనమే. ఇరువదియైదేండ్ల వయసులో అరకులో ఒక వర్షాకాలం నేనీ పోటీ నడిపినాను. పొరుగింటి గిరిజన బాలుడు, ఏడవతరగతి చదివేవాడు, సాయంకాలాలు వచ్చి స్కోరు వ్రాసేవాడు. అంతిమపోటీలో మా హైదరాబాదుకు 18 పరుగులు కావలెను. లక్ష్మణ్ ఆడుచున్నాడు. 11 పడినది. పాచిక పళ్ళెం అంచుకు తగిలినదని చెప్పి మరల వేసినాను. ఆ కుర్రవాడు పెన్సిలు క్రింద పెట్టి, “సార్, నిన్న బ్రాడ్మన్‌కు కూడ అంచుకు తగిలింది. అప్పుడు అవుటే వ్రాయమన్నారు” అన్నాడు. హైదరాబాదు గెలిచినది గాని, ఆ గెలుపు ఎవరికీ చెప్పుకోలేకపోయినాను. అదివరకు ఆడిన ఆరు ఆటలు కూడ ఆ రాత్రి చప్పబడిపోయినవి. మరునాడు వాడు వచ్చినపుడు 11ను తిరిగి వ్రాయించి, అక్కడినుండి ఆట సాగించినాను. ఎనిమిది పరుగుల తేడాతో ఓడిపోయినాము. ఆ ఓటమి నాకు నేటికీ జ్ఞాపకమున్నది. దొంగగెలుపులో ఎవరెన్ని కొట్టినారో గుర్తులేదు.

కాబట్టి నియమాలు పందేనికి ముందే వ్రాసుకొనండి. బల్లమీదనుండి క్రిందపడిన పాచిక చెల్లునా, చెల్లదా? ఏ బౌలరు వేస్తున్నాడు? ఇవి ముందుగా కాగితంమీద ఉండవలెను. ఇంట్లో పిల్లలుంటే స్కోరు వారిచేత వ్రాయించండి. సగటులు, భిన్నాలు వారికి నొప్పి లేకుండ పట్టుబడతాయి. మనకు అంపైరు దొరుకుతాడు.

ప్రియమైన ఆటగాడు మొదటి పందెంలోనే పడిపోయినప్పుడు మనస్సు చివుక్కుమంటే, 1948లో ఓవల్ మైదానాన్ని జ్ఞాపకం చేసుకొనండి. బ్రాడ్మన్ తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌కు వచ్చినాడు. నాలుగు పరుగులు చేస్తే జీవితపు సగటు నిండు నూరు. హాలిస్ వేసిన రెండవ బంతికి సున్నకు బౌల్డ్ అయినాడు. ఆ బంతిని మరల వేయమని ఎవరూ అడుగలేదు. అడిగియుంటే 99.94 అను సంఖ్యను లోకం ఇంత ఆదరంగా తలచుకొనేది కాదు.